ఇటు కాదురా, అటు!

మా మొగలిపేటకు చరిత్ర లేదన్న సంగతి జిల్లా నుంచి సర్క్యులర్ వచ్చేదాకా మాకు తెలియదు. అప్పటిదాకా ఊరు బాగానే ఉండేది. బస్సులు వచ్చేవి, పోయేవి. కరెంటూ అంతే. "మన మండలం – మన ఘనత" అనే పథకం కింద ప్రతి మండలమూ తనకే సొంతమైన చారిత్రక ఘనత ఒకదాన్ని గుర్తించి, నిర్ణీత నమూనాలో, మూడు ప్రతుల్లో, నెలాఖరులోగా పంపాలని అందులో ఉంది. ఘనత ఏమీ లేని మండలాలు "లేదు" అని రాసి సంతకం చేసి పంపాలట.

అలా సంతకం పెట్టడానికి మా ఊళ్లో ఎవరూ ఒప్పుకోలేదు. పక్క మండలంవాళ్లు ఎప్పుడో కూలిపోయిన కోటగోడను రాసేశారు. ఆ పక్కవాళ్లు తమ దోసావకాయను రాసేశారు. మాకు కోట లేదు, దోసావకాయ అందరిలాగే పెట్టుకుంటాం. గ్రంథాలయం మెట్ల మీద కూర్చుని పెద్దలు మూడు రోజులు తలలు పట్టుకున్నారు. మూడోరోజు సాయంత్రం ఎవరో అన్నారు.

"మన హైస్కూలు బాస్కెట్‌బాల్ ఉందిగా! డెబ్బై ఎనిమిదిలో జోనల్ ఫైనల్ ఆడలా? చివరి బుట్ట వేసింది మన వీరభద్రమేగా!"

ఆ వీరభద్రాన్ని నేనే. తాడిశెట్టి వీరభద్రం, విద్యుత్ శాఖలో సీనియర్ అసిస్టెంటుగా రిటైరైనవాణ్ణి. అసలేం జరిగిందో మీకు ముందే చెప్పేస్తాను. నలభై ఆరేళ్లుగా ఎవరికీ చెప్పలేదు కాబట్టి నాకూ ఎక్కడో ఒకచోట చెప్పుకోవాలని ఉంది.

ఆ ఫైనల్ మా స్కూల్లోనే, జమ్మిదిన్నె జట్టుతో జరిగింది. నేను తొమ్మిదో తరగతి, జట్టులో పదోవాణ్ణి. ఐదుగురు ఆడేవాళ్లు, నలుగురు బెంచీ మీద కూర్చునేవాళ్లు, పదోవాడు సోడాలు తెచ్చేవాడు. మొదటి సగం ఆట కళ్లారా చూశాను. విరామంలో నన్ను సోడాలకు పంపారు. సోడా కొట్టు దగ్గర జనం ఎక్కువగా ఉండటంతో నేను తిరిగొచ్చేసరికి ఆట ఇంకొక్క నిమిషమే ఉంది. మావాళ్లలో కొందరు ఫౌళ్లు నిండి బయట కూర్చున్నారు, కొందరికి పిక్కలు పట్టేశాయి. డ్రిల్లు మాస్టారు సాల్మన్‌రాజు గారు సోడాల గంప నా చేతుల్లోంచి లాగేసుకుని నన్ను లోపలికి తోశారు. అప్పటికి మేము ముప్పై, వాళ్లు ఇరవై తొమ్మిది.

బంతి ఎలా వచ్చిందో గానీ నా చేతుల్లోకి వచ్చింది. ఎదురుగా గేటు వైపు రింగు కనిపించింది. మొదటి సగమంతా మావాళ్లు దాంట్లోనే వేశారు కదా అని పరిగెత్తాను. నన్ను ఒక్కడూ అడ్డుకోలేదు. నిజానికి అప్పుడే నాకు అనుమానం రావాలి. నా వేగం చూసి భయపడ్డారనుకున్నాను. వెనకనుంచి మాస్టారి గొంతు వినిపించింది. "ఇటు కాదురా, అటు! ఒరేయ్, ఇటు కాదురా, అటు!" నేను వేసేశాను. పడింది. జన్మలో నేను వేసిన బుట్ట అదొక్కటే.

సగం ఆట అయ్యాక జట్లు వైపులు మార్చుకుంటాయి. సోడాలకు వెళ్లినవాడికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

మన రింగులో మనమే వేసుకుంటే ఆ పాయింట్లు అవతలివాళ్లకు పోతాయి. ముప్పై ఒకటి, ముప్పై. మేము ఓడిపోయాం. అయితే ఆ రోజు వచ్చిన ఎనిమిది వందలమందిలో ఏడువందల తొంభైమంది బాస్కెట్‌బాల్ చూడటం అదే మొదటిసారి. వాళ్లకు తెలిసిన రూలు ఒక్కటే, బంతి బుట్టలో పడాలి. పడింది. వేసినవాడు మనవాడు. నన్ను భుజాల మీదికెత్తుకుని బజారంతా తిప్పారు. మేము తిరిగొచ్చేలోగా జమ్మిదిన్నెవాళ్లు కప్పు తీసుకుని ఐదున్నర బస్సు ఎక్కేశారు. కప్పేదని జనం అడిగితే హెడ్మాస్టరు గారు వాళ్ల మొహాల్లో సంతోషం చూసి, "పేర్లు చెక్కించడానికి పంపాం" అన్నారు. ఆయన పోయి ముప్పై ఏళ్లయింది. పేర్లు ఇంకా చెక్కుతూనే ఉన్నారు.

మర్నాడే చెప్పేద్దామనుకున్నాను. మర్నాడు మిఠాయి కొట్టాయన పిలిచి జిలేబీ పెట్టాడు. జిలేబీ నోట్లో ఉండగా చెప్పడం బాగుండదని ఊరుకున్నాను. ఆ తర్వాత ఉద్యోగం వచ్చింది, పెళ్లి సంబంధం వచ్చింది. మా మామగారు జీతం గురించి అడగలేదు, బుట్ట గురించి అడిగారు. ఇక ఏ మొహంతో చెప్పను? సాల్మన్‌రాజు మాస్టారొక్కరే నేను ఎప్పుడు ఎదురుపడినా తల అడ్డంగా ఊపి వెళ్లిపోయేవారు.

ఇలాంటి నన్ను ఊరంతా ఏకగ్రీవంగా "మొగలిపేట ఉన్నత పాఠశాల బాస్కెట్‌బాల్ చరిత్ర పరిరక్షణ, ప్రచార, ఉత్సవ సంఘం" కార్యదర్శిని చేసింది. వద్దని రెండుసార్లు అన్నాను. మూడోసారి కూడా అంటే నిజంగానే వదిలేస్తారేమోనని భయపడి వెంటనే ఒప్పేసుకున్నాను.

ఆధారాల కోసం స్కూలు బీరువా తెరిచాం. ఆనాటి స్కోరు పుస్తకాన్ని చెదలు తినగా రెండు ముక్కలు మిగిలాయి. ఒకదాని మీద "మొదటి సగం: మొగలిపేట – గేటు వైపు" అని ఉంది. రెండోదాని మీద "చివరి బుట్ట: టి. వీరభద్రం – గేటు వైపు" అని ఉంది. మధ్యలో ఏముండేదో, ఎవరు గెలిచారో చెదలకే తెలియాలి. నేను వాటికి మనసులోనే దండం పెట్టుకుని దరఖాస్తు రాయడానికి కూర్చున్నాను. "చారిత్రక ప్రాధాన్యముగల సదరు కోర్టును యథాతథముగా పరిరక్షించవలసినదిగా ప్రార్థన" అని ముగించాను. ఆ "యథాతథముగా" నా సొంతం. ముప్పై ఏళ్ల ఆఫీసు అలవాటు, వాక్యం చివర బరువైన మాట ఒకటి పడకపోతే నాకు అన్నం సయించదు.

పదకొండు రోజుల్లో మంజూరైంది. మా వీధిలో పైపు పగిలిందని నేను పెట్టిన అర్జీకి ఆరేళ్లుగా జవాబు లేదు. అప్పుడే నాకు భయం వేసి ఉండాల్సింది.

వారసత్వ క్రీడా పరిరక్షణ విభాగం నుంచి ప్రత్యేకాధికారి చామర్తి దక్షిణామూర్తి గారు వచ్చారు. సన్నటి మనిషి, చేతిలో లావుపాటి ఫైలు. నేను శాలువా కప్పబోతే ఆపి, ముందు స్థలం చూడాలన్నారు. సాయంత్రం నాలుగున్నరకు కోర్టు దగ్గరికి తీసుకెళ్లాను. అక్కడ పన్నెండుమంది అమ్మాయిలు ఆడుతున్నారు. పక్కన ఈల నోట్లో పెట్టుకుని వ్యాయామ టీచరు మస్తాన్‌బీ గారు నిలబడి ఉంది.

దక్షిణామూర్తి గారు గుండె మీద చెయ్యి వేసుకున్నారు. "ఏమిటండీ ఇది? చారిత్రక స్థలమునందు ఈ బాలికలు ఏమి చేయుచున్నారు?"

"బాస్కెట్‌బాల్ ఆడుతున్నారు సార్," అన్నాను.

"ఎవరి అనుమతితో?"

మస్తాన్‌బీ గారు ఈల తీసి, "ఇది బాస్కెట్‌బాల్ కోర్టే కదండీ," అంది.

"కావచ్చును. నిన్నటివరకు. నేటినుండి ఇది బాస్కెట్‌బాల్ చరిత్ర. చరిత్రను బంతితో కొట్టరాదు."

మర్నాడు ఉత్తర్వు వచ్చింది. బంతి తాకిడివల్ల చారిత్రక భూతలమునకు కలుగు క్షయమును నివారించుటకై సదరు ఆవరణలో బంతిని నిషేధించడమైనది. గేటు వైపు రింగుకు అద్దాల పెట్టె బిగించారు. అవతల గోడ వైపు రింగులో చరిత్ర ఏమీ జరిగినట్టు రికార్డు లేదు కాబట్టి దాన్ని ఎండకూ వానకూ వదిలేశారు. చెప్పులు బయట విడవాలని బోర్డు పెట్టారు. ఆ బోర్డు పక్కన నా నిలువెత్తు ఫొటో పెట్టారు. నేను రోజుకు రెండుసార్లు అటుగా నడిచి వెళ్లేవాణ్ణి. ఆరోగ్యానికి నడక మంచిదని ఇంట్లో చెప్పాను.

మూడోరోజు మస్తాన్‌బీ గారు మా ఇంటికొచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"వీరభద్రం గారూ, పదిహేడో తారీఖు జోనల్ పోటీలు. మన స్కూలు ఫైనల్‌దాకా వెళ్లి ఎన్నేళ్లయిందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఈసారి వెళ్తాం. క్రీడా పాఠశాలవాళ్లు సెలక్షన్‌కి అక్కడికే వస్తున్నారు. మా కెప్టెన్ దీవెన లేదూ? ఆ పిల్లని తీసుకుంటారు, నాకు నమ్మకం. తీసుకోకపోతే పది అవ్వగానే పొగాకు గ్రేడింగు పనికి పంపేస్తానంటున్నాడు వాళ్ల నాన్న. ఇంకా పద్దెనిమిది రోజులుంది. బంతి లేకుండా ఏం నేర్పమంటారు?"

"విభాగంవారికి ఒక అర్జీ పెట్టండి," అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నా మీద నాకే అసహ్యం వేసింది. కానీ మాట మాత్రం చక్కగా, అధికారికంగా వచ్చింది.

ఆవిడ అర్జీ పెట్టింది. ఉన్నదున్నట్టు రాసే మనిషి కాబట్టి "మా కోర్టు మాకు ఇప్పించండి" అని రాసింది. వారానికి జవాబు వచ్చింది: "మీ అర్జీ కోర్టుకు సంబంధించినది అగుటచే న్యాయ విభాగమునకు పంపడమైనది. కోర్టు పరిధిలోనున్న అంశముపై ఈ కార్యాలయము వ్యాఖ్యానించజాలదు."

ఆవిడ ఆ కాగితం పట్టుకుని దక్షిణామూర్తి గారి దగ్గరికి వెళ్లింది. కార్యదర్శిని కాబట్టి నేనూ వెంట వెళ్లాను.

"ఏ కోర్టండీ? మేమెవరం కేసు వెయ్యలేదే!"

"అర్జీలో మీరే వ్రాసినారు కదమ్మా, కోర్టు అని."

"అది ఆడుకునే కోర్టు సార్!"

"న్యాయస్థానమును ఆటగా భావించుట మంచిది కాదు," అన్నారాయన. ఆవిడ నా వైపు చూసింది. నేను ఫైలు వైపు చూశాను.

ఆ సాయంత్రం నుంచి అమ్మాయిలు కోర్టులో బంతి లేకుండానే ప్రాక్టీసు మొదలుపెట్టారు. మస్తాన్‌బీ గారి మొండితనం అది. లేని బంతిని నేలకేసి కొడుతూ పరిగెత్తారు, లేని బంతిని ఒకరికొకరు అందించుకున్నారు, గెంతి లేని బంతిని రింగులో వేశారు. దీవెన ఒకసారి లేని బంతిని వదిలేసి నాలుక కరుచుకుంది. చూస్తున్న నాక్కూడా బంతి జారిపోయినట్టే అనిపించింది.

దీన్ని దక్షిణామూర్తి గారు కారులోంచి చూశారు. దిగి వచ్చి పావుగంట కదలకుండా నిలబడ్డారు. కళ్లలో నీళ్లు. "అద్భుతము! క్రీడ నుండి బంతియను స్థూల పదార్థమును తొలగించి కేవల సారమును నిలిపినారు. ఇది క్రీడ కాదు, వారసత్వ కళారూపము!" అన్నారు. రెండు రోజుల్లో ఉత్తర్వు. పదిహేడో తారీఖున గౌరవనీయులైన పెద్దల సమక్షంలో ప్రారంభోత్సవం. ఆనాటి ఫైనల్‌ను ఈ బాలికలు బంతిరహితంగా పునఃప్రదర్శించాలి. కెప్టెన్ దీవెన నా పాత్ర ధరించాలి.

"పదిహేడునా?" అంది మస్తాన్‌బీ గారు.

"పదిహేడుననే. అది చారిత్రక తేదీ."

"ఆనాటి ఆట పదిహేడున జరగలేదండీ."

"ఇకముందు జరిగినట్లే," అన్నారాయన.

ఈలోగా విభాగంవారికి మౌఖిక చరిత్ర కూడా కావలసి వచ్చింది. ఆనాటి జట్టుకు శిక్షణ ఇచ్చిన సాల్మన్‌రాజు మాస్టారికి ఇప్పుడు ఎనభై మూడేళ్లు. మనిషి గట్టిగానే ఉన్నారు గానీ ఏడాదిగా ఎవరితోనూ పెద్దగా మాట్లాడటం లేదు. రికార్డరు ఆయన ముందు పెట్టి, ఆ మహత్తర క్షణం గురించి చెప్పమని దక్షిణామూర్తి గారు అడిగారు. నేను ఒక అడుగు వెనక్కి వేసి తలుపు చాటున దాక్కోబోతుంటే మాస్టారు నన్ను చూసేశారు. ఒక్కసారిగా కుర్చీలోంచి లేచి, నలభై ఆరేళ్ల కిందటి గొంతుతో అరిచారు.

"ఇటు కాదురా, అటు!"

దక్షిణామూర్తి గారి మొహం వెలిగిపోయింది. "ఆహా! దారి తప్పుచున్న తరమునకు దిశానిర్దేశము!" అని రాసుకున్నారు. వారం తిరిగేసరికి స్కూలు గేటు మీద సిమెంటు కమాను లేచింది. దాని మీద అడుగేసి ఎత్తు అక్షరాల్లో "ఇటు కాదురా, అటు!" కింద బాణం గుర్తు. బాణం ఏ వైపు పెట్టాలన్నదాని మీద ఉపసంఘం వేశారు. రెండు వైపులా పెట్టాలని ఆ ఉపసంఘం సిఫారసు చేసింది.

పదమూడో తారీఖు సాయంత్రం దీవెన మా ఇంటికి వచ్చింది. పొడుగ్గా, చామనఛాయగా ఉంటుంది. మాట్లాడేటప్పుడు కళ్లలోకి సూటిగా చూస్తుంది. ఆ అలవాటు నాలాంటివాళ్లకు ఇబ్బంది. చేతిలో ఆ రెండు స్కోరు ముక్కల నకలు ఉంది.

"తాతగారూ, మీ పాత్ర వెయ్యాలిగదా, అందుకని చదివాను. ఒక్క డౌటు."

"అడుగమ్మా."

"మొదటి సగంలో మనం గేటు వైపు వేశామని ఉంది. తర్వాత సైడ్లు మారతాం గదా. మరి చివర్లో కూడా మీరు గేటు వైపే ఎలా వేశారు?"

ఇంత చిన్న ప్రశ్న నలభై ఆరేళ్లలో ఒక్కరూ అడగలేదు. నేను కళ్లజోడు తుడుచుకున్నాను. తుడిచిందే మళ్లీ తుడిచాను. ఆ పిల్ల మొహంలో లెక్క తేలడం నాకు కనిపించింది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"నాక్కూడా ఏడో క్లాసులో ఒకసారి అలాగే అయింది తాతగారూ," అంది నెమ్మదిగా. "టీచరు గారు అందరి ముందూ తిట్టింది. మర్నాడు మళ్లీ ఆడనిచ్చింది." చేతిలోని నకలు మడిచి, "పదిహేడున మేం వెళ్లలేమా?" అంది.

నాకు చాలా సిగ్గేసింది. నన్ను మర్నాడు ఎవరూ తిట్టలేదు, అందుకే నేను మళ్లీ ఆడనూ లేదు. నా ఒక్క తప్పును గాజుపెట్టెలో పెట్టించి దాని కోసం ఈ పిల్ల ఆటను ఆపించాను.

మర్నాడు పొద్దున్నే దక్షిణామూర్తి గారి ముందు నిలబడి నిజం చెప్పేశాను. సోడాలు, వైపులు, అంతా.

ఆయన ఓపికగా విన్నారు. "అది మీ వ్యక్తిగత అభిప్రాయము. వైపులు మారినట్లు రికార్డులో ఆధారము లేదు. చెదలు తినిన భాగములో ఏమున్నదో ఊహించుటకు విభాగమునకు అధికారము లేదు."

"నేనే కదండీ వేసింది! నేనే చెబుతున్నాను కదా!"

"ఒకసారి మంజూరైన చరిత్రను మార్చవలెనన్న మూడు ప్రతులలో దరఖాస్తు, జమ్మిదిన్నె వారి నిరభ్యంతర పత్రము కావలెను. తొమ్మిది మాసములు పట్టును."

నిజం అక్కడ పనికిరాదని అర్థమైంది. ఇక నాకు వచ్చింది ఒక్కటే, ఆఫీసు భాష. ఒక తెల్లకాగితం అడిగి అక్కడే కూర్చుని రాశాను. "సదరు కోర్టును యథాతథముగా పరిరక్షించవలెనని ఉత్తర్వు. నాటి పాత్రధారులు సజీవులై యుండగా అన్యులచే ప్రదర్శింపజేయుట యథాతథ నిబంధనకు విరుద్ధము. కావున నాటి జట్టు సభ్యులే స్వయముగా ప్రదర్శించుటకు, బాలికలను సదరు బాధ్యత నుండి విముక్తులను చేయుటకు తగు ఉత్తర్వులు ప్రార్థితము."

ఆయన రెండుసార్లు చదివారు. "యథాతథము," అని గొణుక్కున్నారు. ఎంత వెతికినా లొసుగు దొరకలేదు. సంతకం పెట్టారు. నేను రాసిన ఆ మాట మొదటిసారి ఎవరికైనా ఉపయోగపడటం అదే.

మిగిలిన మూడు రోజులూ మస్తాన్‌బీ గారు పిల్లల్ని మార్కెట్ యార్డుకు తీసుకెళ్లింది. గోదాము గోడకు పాత సైకిలు చక్రం బిగించి ఆడించింది. పక్కనే మిర్చి బస్తాలు. వేసినవాళ్లూ తుమ్మారు, అడ్డుకున్నవాళ్లూ తుమ్మారు. బంతి మాత్రం నిజం బంతి. పదిహేడు పొద్దున ఆరున్నర బస్సుకు పన్నెండుమందీ ఎక్కారు. దీవెన కిటికీలోంచి చెయ్యూపింది.

పది గంటలకు ప్రారంభోత్సవం. మా జట్టులో ఊళ్లో మిగిలినవాళ్లం ఐదుగురం. ఒకరికి మోకాళ్లు లేవు, ఒకరికి బీపీ, ఇద్దరు ఆనాటి కొలతలతో కుట్టించిన నిక్కర్లలో పట్టక పంచెల మీదే దిగారు. జమ్మిదిన్నె జట్టు పాత్ర ఉత్సవ సంఘం సభ్యులు ధరించారు. పెద్దలు వేదిక మీద కూర్చున్నారు, పక్కన ఇంకో కుర్చీలో సాల్మన్‌రాజు మాస్టారు. మా ఆవిడ సుభాషిణి ముందు వరసలో కూర్చుంది. ఆయాసపడుతూ, మధ్యమధ్య మంచినీళ్లు తాగుతూ, బంతి లేకుండా నలభై నిమిషాల ఆటను గంటన్నర ఆడాం. జనం చాలా భక్తిగా చూశారు.

చివరి నిమిషం వచ్చింది. కార్యక్రమం ప్రకారం ఆ క్షణానికి మాత్రం ఆ కాలపు బంతిని పోలిన బంతి ఒకదాన్ని వెండి పళ్లెంలో తెస్తారు. నేను దాన్ని స్పృశించి, తిరిగి పళ్లెంలో పెట్టి, ఖాళీ చేతులతో గేటు వైపు పరిగెత్తాలి. పళ్లెం వచ్చింది. బంతిని తాకాను. గరుకుగా, బరువుగా ఉంది. చేతుల్లోకి తీసుకున్నాను, మళ్లీ పళ్లెంలో పెట్టబుద్ధి కాలేదు.

"వీరభద్రం గారూ, పళ్లెము!" అన్నారు దక్షిణామూర్తి గారు మైకులో.

ఎదురుగా గాజుపెట్టెలో గేటు వైపు రింగు మెరుస్తోంది. అలవాటుగా కాళ్లు అటే రెండడుగులు వేశాయి. అప్పుడు వేదిక మీద నుంచి వినిపించింది.

"ఇటు కాదురా, అటు! ఒరేయ్ వీరభద్రం, ఇటు కాదురా, అటు!"

ఆగాను. నలభై ఆరేళ్లు ఆలస్యంగా ఆగాను. వెనక్కి తిరిగాను.

"అటు కాదండీ, ఇటు!" దక్షిణామూర్తి గారు మైకు వదిలేసి పరిగెత్తుకొస్తున్నారు. "చరిత్ర ప్రకారము ఇటు! రికార్డు ప్రకారము ఇటు!"

"ఇటు కాదురా, అటు!"

మధ్య గీత మీద బంతి పట్టుకుని నిలబడ్డాను. గొంతెత్తి చెప్పేశాను. "అయ్యా, అమ్మా, ఆ రోజు నేను వేసింది మన రింగులోనే. సైడ్లు మారిన సంగతి నాకు తెలియలేదు. మనం ఓడిపోయాం. ఓడించింది నేనే. కప్పు చెక్కించడానికి వెళ్లలేదు, జమ్మిదిన్నె వెళ్లింది."

వెనక వరసలోంచి మిఠాయి కొట్టు ముసలాయన అన్నాడు. "మాకు తెలుసులేవయ్యా. ఆ వారమే తెలిసింది. నువ్వు చిన్నబుచ్చుకుంటావని ఎవరం అనలా."

నేను మా ఆవిడ వైపు చూశాను.

"మా నాన్నకీ తెలుసండీ," అంది సుభాషిణి. "సైడు చూసుకోకుండా పరిగెత్తే మనిషి, కదలకుండా కూర్చునే ఉద్యోగమైతే ప్రమాదం లేదన్నాడు."

ఇక ఆ మాట విన్నాక నిలబడటానికి నా దగ్గర పరువేమీ మిగల్లేదు. ఒంటి బరువు కూడా తగ్గినట్టనిపించింది. గోడ వైపు పరిగెత్తాను. అరవై దాటినవాడి పరుగును పరుగనవచ్చో లేదో మీరే చూసుకోండి. రింగు దగ్గర ఆగి, ఊపిరి పీల్చుకుని, వేశాను.

పడలేదు. రింగుకు రెండడుగుల దూరంలో గోడకు తగిలి కిందపడింది. చారిత్రక భూతలం మీద టప్పు, టప్పు, టప్పుమని మూడుసార్లు ఎగిరి, దక్షిణామూర్తి గారి కాళ్ల దగ్గరికి దొర్లి ఆగింది. ఆయన శవాన్ని చూసినట్టు చూశారు.

సాల్మన్‌రాజు మాస్టారు ఈసారి తల అడ్డంగా ఊపలేదు. "సైడు కుదిరిందిరా," అన్నారు. "ఎత్తు రేపు చూద్దాం."

మర్నాడే చివరి ఉత్తర్వు వచ్చింది. బంతి తాకిడివల్ల యథాతథ స్థితికి భంగము వాటిల్లుటచే సదరు స్థలము చారిత్రక లక్షణమును కోల్పోయినదిగా ప్రకటించడమైనది. గాజుపెట్టె విప్పారు, నా ఫొటో తీసేశారు. కమాను మాత్రం వేరే విభాగం కట్టింది కాబట్టి దాని జోలికి వెళ్లలేదు. మా మండలం ఘనత గడిలో ఇప్పుడు "లేదు" అని ఉంది. కార్యదర్శిగా నేనే సంతకం పెట్టాను.

పదిహేడు సాయంత్రం సంగతి చెప్పలేదు కదూ. ఐదున్నర బస్సు కోసం స్టాండులో నిలబడ్డాను. అమ్మాయిలు దుమ్ముకొట్టుకుపోయి దిగారు. మస్తాన్‌బీ గారు దిగింది. ఎవరి చేతిలోనూ ఏమీ లేదు. అయినా ఆగలేక అడిగాను.

"కప్పేదమ్మా?"

దీవెన నా కళ్లలోకి సూటిగా చూసింది. "పేర్లు చెక్కించడానికి పంపాం తాతగారూ," అంది. పన్నెండుమందీ పగలబడి నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి.

"ఫైనల్లో మూడు పాయింట్లతో పోయిందండీ," అంది మస్తాన్‌బీ గారు. "పద్దెనిమిది రోజుల్లో పదిహేను మీరే తినేశారు కదా మరి. దీవెన సెలక్టయింది. జూన్‌లో చేరాలి."

జూన్‌కు ఇంకా వ్యవధి ఉంది. నేనిప్పుడు రోజూ నాలుగున్నరకు కోర్టు పక్కన కుర్చీ వేసుకుని స్కోరు రాస్తున్నాను. ఎవరు వేశారో, ఎటు వేశారో రెండూ రాస్తాను. సగం ఆట అవ్వగానే దీవెన నీళ్లు తాగడానికి వెళ్తూ నా దగ్గర ఒక్క క్షణం ఆగుతుంది.

"తాతగారూ, సైడ్లు మారాం," అని చెబుతుంది.

నేను లేచి కుర్చీ అటు తిప్పుకుంటాను.